స్టూడియో ఇంట్లో మొక్కలు

హలీమా దుర్గి నుంచి మాచర్లకు కాపురానికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతోపాటు మూడు మొక్కలు కూడా తెచ్చుకుంది. తడిగుడ్డలో చుట్టిన గులాబీ కొమ్మ, వేళ్ళతో పెరికిన గుప్పెడు పుదీనా, చిన్న డబ్బాలో మరువం. బస్సు కుదుపులకు నలిగిపోతాయేమోనని దారిపొడుగునా వాటిని ఒళ్ళోనే పెట్టుకుంది. పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు కాలేషా వాటివంక చూసి ఏదో అనబోయాడు. కొత్త పెళ్ళాంతో మొదటి మాటే కాదనడం దేనికని మళ్ళీ ఊరుకున్నాడు. ఆయన మింగేసిన ఆ మాటేమిటో ఇల్లు చూశాక ఆమెకే తెలిసింది.

ఆ ఇంట్లో వెలుతురు లేదు.

రైలుపెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉండే ఇల్లు. ముందు బజారు వైపు కాలేషా ఫోటో స్టూడియో. దాని వెనక నడిమిల్లు, ఆ వెనక వంటిల్లు. ఇరుపక్కలా గోడకు గోడ ఆనుకున్న కొంపలే. వంటింటి వెనక మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు, సందు అవతల పత్తి గోడౌను గోడ ఆకాశానికి అడ్డంగా లేచి ఉంటుంది. ఫోటోలు కడిగే చీకటి గదిని నడిమింట్లోనే ఒక మూల చెక్కలతో కట్టారు. ఇక స్టూడియోకి కిటికీలే లేవు. ఎండపొడ రాకూడదని వీధిగుమ్మానికి దళసరి నల్లతెర వేలాడేది. పట్టపగలు బియ్యంలో రాళ్ళేరాలన్నా చేట పట్టుకుని ఆ తెర దాటి గడప మీదికి రావాల్సిందే.

అత్త బీబీ ముక్కుపొడుం డబ్బీ మూత తీస్తూ కోడలి చేతిలోని మొక్కలు చూసింది.

"ఏందే పిల్లా అయ్యి? ఈ ఇంట్లో పెంచటానికా? ఈ కొంపలో పెరిగింది నీ మొగుడొక్కడే. వాడు కూడా చూడు, ఎట్టా పాలిపోయి ఉన్నాడో!"

హలీమాకు నవ్వొచ్చింది గానీ కొత్తకోడలు గదా, కొంగు అడ్డం పెట్టుకుంది.

దుర్గిలో ఆమె నాయన జబ్బారు శిల్పాలు చెక్కేవాళ్ళకు రాయి తోలే బండివాడు. ఇల్లు చిన్నదే అయినా చుట్టూ దొడ్డి ఉండేది. ఆ శిల్పులు పారేసిన రాతిచెక్కలు ఏరుకొచ్చి హలీమా మళ్ళకు గట్లు కట్టేది. కనకాంబరం, మరువం, వంగ, బెండ, గోరింట, ఏది పెట్టినా లేచేది. ఆ పిల్ల చెయ్యి మంచిదని వాడకట్టులో పేరు. మొక్కకు నీళ్ళు పోయాలని ఆమెకు తెలుసు, ఎరువెయ్యాలని తెలుసు. వెలుతురు కూడా పోయాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. దుర్గిలో అది అడక్కుండానే పడేది.

ఇక్కడ నెల తిరక్కముందే మరువం పాలిపోయింది. కాడలు దారాల్లా సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు ఎడం వచ్చి, అన్నీ గుమ్మం వైపుకే మెడలు చాచాయి. పుదీనా కుళ్ళిపోయింది. గులాబీ కొమ్మ ఒక చిగురు వేసి ఆశ పెట్టింది. ఆ చిగురు మైనంలాగా తెల్లబడి ఓ పొద్దున రాలిపోయింది. ఎండిన పుల్లను డబ్బాలోంచి పీకుతుంటే హలీమాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టిల్లు గుర్తొచ్చి ఏడుస్తోందనుకుని కాలేషా ఆ సాయంత్రం మిఠాయి పొట్లం తెచ్చాడు. అసలు సంగతి చెప్పడానికి ఆమెకు సిగ్గేసి, ఆ మిఠాయి తినేసింది.

ఊరుకునే మనిషైతే అక్కడితో ఊరుకునేది. ఈసారి పుట్టింటికి వెళ్ళి మళ్ళీ తెచ్చుకుంది. వెనక సందులో పెట్టింది. అక్కడ మిట్టమధ్యాహ్నం కాస్త ఎండ దిగినట్టే దిగి, గోడౌను గోడ ఎక్కి వెళ్ళిపోయేది. చలికాలం వస్తే అదీ లేదు. సరే, బజారు గడప పక్కన పెడదామని పెట్టింది. రెండో రోజుకల్లా డబ్బాల్లో మొదళ్ళే మిగిలాయి. పక్కింటి ధనమ్మ మేక ఇంకా నమలుతూనే ఉంది.

"ఏం పిన్నీ, నీ మేక చూడు ఏం చేసిందో!" అని హలీమా బజార్లోకి వచ్చి అడిగింది.

ధనమ్మ ఇంటి ముందే పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్ముకునే మనిషి. గరిటె ఊపుతూ, "మేక నోరు మేకది. నేను కుట్టగలనా? దాని ముందు ఆకు పెట్టింది నువ్వే గదమ్మా!" అంది.

అన్నదేగానీ ఆమె మనసూరుకోలేదు. మర్నాడు పొద్దున చెంబెడు మేకపాలు పంపించింది. ఆ పాలతో టీ తాగిన బీబీ, మేక తిన్న మొక్కలకు ఇదే ఖరీదైతే రోజూ పెట్టవే అంది.

చీకటింటి బతుకులో హలీమా పని మాత్రం నేర్చుకుంది. ఫోటోల అంచులు కత్తిరించడం, నెగిటివుల మీద మచ్చలకు సన్నటి పెన్సిలుతో మెరుగు పెట్టడం ఆమెకు కాలేషానే నేర్పాడు. ఆమె చెయ్యి నిదానం. మశూచి మచ్చల పెళ్ళికొడుకును నున్నగా చేసి పంపేది. ఆ పని కోసం గుమ్మం దగ్గర తెర కొంచెం పక్కకు లాగి, అక్కడే చిన్న బల్ల వేసుకుని కూర్చునేది. ఆ బల్ల మీద ఒక సీసాలో మనీప్లాంటు పెట్టింది. అదొక్కటే చావకుండా నిలబడింది. అదీ పెరగలేదు, చావలేదు. పెట్టినప్పుడు ఎన్ని ఆకులో తర్వాతా అన్నే.

"ఈ మూల బాగానే వెలుతురుంది గదయ్యా, ఇది కూడా ఎందుకు ఎదగట్లా?" అని ఒకరోజు ఆమె మొగుణ్ణి అడిగింది.

కాలేషా నవ్వి, బీరువాలోంచి అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా తీశాడు. అది వెలుతురు కొలిచే మీటరు. వాళ్ళ నాయన ఇమాం సాహెబ్ ఉన్నప్పుడు కొన్నది. మీద గాజు కింద సన్నటి ముల్లు ఉంటుంది.

"మన కన్ను దొంగదే. చీకట్లోకి పోతే అది కాసేపటికి సర్దుకుంటది. బాగానే ఉందిలే అనుకుంటది. ఫిల్ముకి ఆ సర్దుకోవటం తెల్వదు. నీ మొక్కకూ అంతే అయ్యుంటది. రా, చూపిస్తా."

ఇద్దరూ ఆ మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగారు. బజార్లోకి తీసుకెళ్ళి పట్టుకుంటే ముల్లు చివరిదాకా ఎగిరి కొట్టుకుంది. గడప లోపలికి రెండడుగులు వేసేసరికి సగానికి పడింది. హలీమా బల్ల దగ్గర ఇంకా పడింది. నడిమింట్లో ఆమె మరువం పెట్టిన చోట పెడితే ముల్లు అసలు లేవలేదు. పాడైందేమోనని ఆమె దాన్ని తట్టి చూసింది.

"ఇంత చీకట్లోనా నేను దాన్ని పెట్టింది!" అంది హలీమా. దాన్ని అన్నాళ్ళు పస్తు పెట్టినట్టు ఆమె ప్రాణం ఉసూరుమంది.

"మరి మనం ఇందులోనే ఉంటన్నాంగా," అన్నాడు కాలేషా. ఆ మాట అని తనే మళ్ళీ ముల్లు వంక చూశాడు. పుట్టిన ఇల్లు ఎంత చీకటో ఆయనా అదే మొదటిసారి కొలిచి చూడటం.

ఆ రోజు నుంచి మీటరు హలీమా చేతిలో ఆటవస్తువైంది. గోడకు సున్నం కొడితే వెలుతురు తిరిగి కొడుతుందని మొగుడు చెబితే, పిడుగురాళ్ళ సున్నం తెప్పించి, తనే నానబెట్టి, నీలిమందు వేసి, నడిమిల్లంతా రెండు పూతలు పూసింది. ముల్లు కాస్త కదిలింది. ఆ కాస్తకే పండగైనంత సంబరపడింది. స్టూడియోలో ఫోటోలు తీసే పెద్ద లైట్ల కింద క్రోటను డబ్బా పెట్టి చూసింది. అవి వెలుగుతో పాటు సెగ కూడా కక్కుతాయి. పరీక్షల ఫోటోల కోసం హైస్కూలు పిల్లలు బారులు తీరిన రోజున, సాయంత్రానికి క్రోటనాకులు అప్పడాల్లా వేగి ముడుచుకున్నాయి.

అప్పుడామె కన్ను నిలువుటద్దం మీద పడింది. ఫోటోకు ముందు జనం తల దువ్వుకునే అద్దం అది. పొద్దున బజార్లో పడే ఎండను దాంతో లోపలికి తిప్పవచ్చు గదా అని తోచింది. తోచిందే తడవుగా అద్దాన్ని గడప దగ్గరికి జరిపి, తెర తీసి, అటూ ఇటూ వంచింది. నడిమింటి గోడ మీద పలకంత వెలుగు పడింది. "అత్తా, అత్తా, చూడు!" అని కేకేసి ఆమె లోపలికి పరిగెత్తింది. ఆ పరుగులో కొంగు తగిలి అద్దం పక్కకు తిరిగింది. ఆ మెరుపు వెళ్ళి బజార్లో వస్తున్న కిరసనాయిలు బండి ఎద్దు కళ్ళలో పడింది. ఎద్దు బెదిరి ధనమ్మ పొయ్యి మీదికి వచ్చింది. పీపాకు ఏమీ కాలేదు. ఇడ్లీ పాత్ర మాత్రం మురుక్కాలవలో పడింది.

"ఏమే హలీమా! నా మేక నీ ఆకు తిన్నందుకు నా మీద ఎద్దును తోలతావటే!" అని ధనమ్మ నడిరోడ్డు మీద నిలబడి అరిచింది. కాలేషా పరిగెత్తుకెళ్ళి పాత్ర తీసి కడిగిచ్చి, పిండి ఖరీదిస్తానని బతిమాలాడు. జనం నవ్వుతుంటే చివరికి ధనమ్మా నవ్వింది.

అద్దం మళ్ళీ గోడెక్కింది. ఆ మధ్యాహ్నం హలీమా ముఖం చిన్నబుచ్చుకుని నడిమింట్లో కూర్చుంది. బీబీ కోడలి పక్కకు జరిగి, చేతిలో పొడుం నలుపుతూ అంది:

"మీ మామ ఉన్నప్పుడు ఈ తిప్పలు లేవే. అప్పుడు ఈ ఇంట్లో ఎండ కూర్చునేది."

"ఈ ఇంట్లోనా?"

"ఈ ఇంట్లోనే. ఆయన ఈ ఊరొచ్చి స్టూడియో కట్టిననాడు మన బజారుకు కరెంటు యాడుంది? ఆనకట్ట పనికని యాడాడినుంచో కూలి జనం దిగారు. ఇంటికి పంపుకోటానికి ఫోటోలు తీయించుకునేవాళ్ళు. అంతా పగటెలుతురులోనే. స్టూడియో కప్పుకి ఉత్తరం పక్క మొత్తం అద్దాలే. బెజవాడ నుంచి తెప్పించాడు, రాత్రిపూట బండి మీద గడ్డిలో పెట్టి. కరెంటొచ్చి, లైట్లొచ్చినాక ఇంక అద్దాలెందుకన్నాడు. వానకు కారతన్నాయని తారు పూసి, పైన రేకులు పరిపించాడు."

హలీమా లేచి స్టూడియోలోకి వెళ్ళి తలెత్తి చూసింది. పైన గుడ్డ చాందినీ, దానికి ఏళ్ళ దుమ్ము. దాని పైన అద్దాలున్నాయని ఎవరైనా చెప్తేగానీ తెలియదు.

ఆ సాయంత్రమే మొగుణ్ణి అడిగింది. కాలేషా ఒప్పుకోలేదు. కోపంతో కాదు, నెమ్మదిగానే చెప్పాడు.

"అయ్యి కారతన్నాయనేగా నాయన మూసింది. పైగా లైటంటే నా చేతిలో ఉంటది. యాడ పెట్టమంటే ఆడ ఉంటది. సూర్యుడు నా మాట ఇంటాడా? మబ్బొస్తే గిరాకీని కూర్చోబెట్టి మబ్బు పోయిందాకా కబుర్లు చెప్పాలి. మొక్కల కోసం స్టూడియో పైకప్పు పీకారంటే ఊళ్ళో నవ్వుతారే."

అందులో తప్పేమీ కనపడలేదు హలీమాకు. కానీ పైన అద్దాలున్నాయన్న సంగతి తెలిశాక ఆమెకు నిలకడ లేకుండా పోయింది. వంట చేస్తున్నా, నెగిటివు దిద్దుతున్నా, మధ్యలో లేచి వెళ్ళి చాందినీ వంక చూసి వచ్చేది. పెట్టెలో బువ్వ పెట్టుకుని ఆకలికి కూర్చున్నట్టుంది ఆమె పరిస్థితి.

ఆ మాఘమాసంలో గురజాలలో పెద్ద పెళ్ళికి ఫోటోలు తియ్యడానికి కాలేషా వెళ్ళాడు. రెండు రోజులు అక్కడే ఉండాలి. ఆయన బస్సెక్కిన కాసేపటికి బీబీ కోడల్ని పిలిచింది.

"యల్లమందను పిలువు."

యల్లమంద నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. ఆ బజారు ఇళ్ళన్నిటి కప్పులూ అతనికి తెలుసు.

"వద్దత్తా. ఆయన కాదన్నాడు," అంది హలీమా. కాళ్ళు మాత్రం గుమ్మం వైపుకే ఉన్నాయి.

"వాడు కాదన్నది నిన్ను. నన్నడగలా. ఈ కప్పు నా మొగుడేసింది. అద్దాలు దిగేనాడు అన్నం వండి పెట్టింది నేను. వాడొస్తే నేను చెప్పుకుంటా."

యల్లమంద నిచ్చెన వేసి పైకెక్కాడు. తుప్పు పట్టిన రేకులు ఒక్కొక్కటే కిందికి దించాడు. తారు పెచ్చులు పెచ్చులుగా గీకి, మిగిలింది కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. కింద అత్తాకోడళ్ళు చాందినీ ఊడదీశారు. దుమ్ము కళ్ళలో పడి ఇద్దరూ తుమ్ముతూనే ఉన్నారు. మొదటి అద్దం శుభ్రపడగానే ఒక తెల్లటి వెలుగు పలక గది మధ్యలో దిగింది. అది ఎండ కాదు. కళ్ళు మిరుమిట్లు గొలిపేది కాదు. పాలలో నీళ్ళు కలిపినట్టు మెత్తగా, ఎక్కడా గీతలాంటి నీడ లేకుండా ఉంది. ఒక్కో అద్దానికీ అది పెరుగుతూ పోయింది. మూలల బూజులు బయటపడ్డాయి. రాజమహల్ మెట్లు రాసిన వెనకతెర మీద ఎన్ని అతుకులున్నాయో బయటపడింది. ఒక అద్దం మాత్రం పగిలి ఉంది. దాని చోట యల్లమంద రేకు ముక్క వేశాడు.

హలీమా మీటరు తెచ్చి గది మధ్య నిలబడింది. ముల్లు లేచింది. అత్తకు చూపిద్దామని తిరిగితే, బీబీ నేల మీద కూర్చుని తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "ఎప్పుడు ముడతలు పడ్డయ్యే ఈ చేతులు?" అంది. మాటలో బెంగేమీ లేదు. వింత చూసినట్టు అడిగింది.

కాలేషా వచ్చేసరికి మధ్యాహ్నం. కెమెరా సంచి భుజాన ఉండగానే గడపలో ఆగిపోయాడు. పైకి చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. భోజనం పెడితే తిన్నాడు. మజ్జిగ కావాలంటే తల్లిని అడిగాడు. కొట్టినా ఇంత బాధుండదనిపించింది హలీమాకు.

"అరే, నేనే తీయించా. నాతో మాట్లాడు," అంది బీబీ.

"నీతోనే గదా మాట్లాడతన్నా," అన్నాడు.

తిన్నాక స్టూడియోలోకి వెళ్ళి, ఫోటో తీయించుకునేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత మీటరు పట్టుకుని గదిలో నాలుగు మూలలా తిరిగాడు. ఆ తర్వాత, "అమ్మా, ఇట్రా," అని పిలిచి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాడు. పెద్ద లైట్ల జోలికి పోలేదు. "పొడుం వేసుకోమాక, తుమ్ముతావు," అంటుండగానే ఆమె డబ్బీ తీసింది. ఆ క్షణానే మీట నొక్కాడు.

చీకటి గదిలోంచి ఆయన తడి ఫోటో పట్టుకుని బయటికి వచ్చేసరికి హలీమా నడిమింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఫోటోలో బీబీ ముఖంలో ప్రతి ముడతా ఉంది. అయినా ఏదీ కొట్టొచ్చినట్టు లేదు. కళ్ళలో కొంటెతనం నిలిచిపోయింది.

"నాయన తీసినట్టుంది," అన్నాడు కాలేషా. ఊరినుంచి వచ్చాక ఆమెతో అన్న మొదటి మాట అదే. ఫోటోను ఆరబెడుతూ, "చెప్పకుండా చేశావు చూడు, అదే నాకు నచ్చలా," అన్నాడు.

"తప్పే," అంది హలీమా.

"మొక్కలు యాడ పెట్టుకుంటావో పెట్టుకో. కెమెరాకు అడ్డం రాకూడదు."

అట్లా స్టూడియోలో మొక్కలు కాపురం పెట్టాయి. డాల్డా డబ్బాలు, చిల్లుపడ్డ సత్తుగిన్నెలు, పగిలిన కుండలు, దొరికిన ప్రతిదాంట్లో మట్టి పోసింది. తన చూపు మీదా మీటరు మీదా ఇప్పుడామెకు సమానంగా నమ్మకం కుదిరింది. క్రోటన్లు అద్దాల కిందికి, మనీప్లాంటు గోడ వారకు, ఎండ ఎక్కువ కోరే పుదీనా మరువాలు తెర పక్కకు లాగిన గుమ్మానికి దగ్గరగా. వారానికోసారి డబ్బాలను కొంచెం కొంచెం తిప్పేది, లేకపోతే ఒకే పక్కకు ఒరుగుతాయి. ఆకుల మీద దుమ్ము చేరితే తడిగుడ్డతో తుడిచేది. మనీప్లాంటు ఆ ఏడాది గోడ సగం పాకింది.

అయితే జూన్ ఆఖర్లో మొదటి పెద్దవాన కొట్టిన రోజు ఇమాం సాహెబ్ ఆ అద్దాలను ఎందుకు మూశాడో అందరికీ తెలిసొచ్చింది. అద్దాల అతుకుల్లోంచి నీళ్ళు ధారకట్టాయి. కెమెరానూ లైట్లనూ లోపలికి లాక్కునేసరికే సరిపోయింది. వెనకతెర తడిసి ముద్దైంది. రాజమహల్ మెట్లు నీలంగా, ఎర్రగా కరిగి నేల మీదికి పారాయి. హలీమా ఆ తెర కింద కూలబడి గుడ్డతో అద్దుతూ ఏడ్చింది. అద్దేకొద్దీ రంగు ఇంకా పోతోంది.

కాలేషా ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. "ఊరుకో. ఆ మెట్ల మీద ఊళ్ళో సగం మంది కూర్చుని పోయారు. అయ్యి ఎప్పుడో అరిగిపోయినయ్యి," అన్నాడు. ఆమెను ఓదార్చడానికి అన్నాడేగానీ, కొత్త తెర రాయించాలంటే గుంటూరు ఆర్టిస్టు దసరాదాకా కుదరదంటాడని ఆయనకు తెలుసు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

వాన తెరిపివ్వగానే యల్లమంద వచ్చి అద్దాల అంచులన్నిటికీ లప్పం పెట్టి, పైన సన్నటి రేకుపట్టీలు కొట్టి వెళ్ళాడు. కారడం ఆగింది. వెనకతెర మాత్రం లేదు. వచ్చినవాళ్ళను ఉత్త గోడ ముందు కూర్చోబెడుతుంటే పాసుపోర్టు ఫోటోలకు తప్ప ఎవరూ ఇష్టపడడం లేదు.

అప్పుడు వచ్చింది రత్నకుమారి. సత్తెనపల్లి నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త పంతులమ్మ. పెళ్ళివారికి పంపడానికి నిలువెత్తు ఫోటో కావాలి. ఉత్త గోడ చూసి, "ఇదేంటండీ, జైల్లో తీసినట్టుంటుంది," అని వెనక్కు తిరిగింది. తిరిగేటప్పుడు ఆమె చూపు మూల ఉన్న మొక్కల మీద పడింది.

"అక్కడ నిలబడితే రాదా?"

కాలేషా హలీమా వంక చూశాడు. ఇద్దరూ కలిసి డబ్బాలు జరిపారు. డబ్బాలు కనపడకుండా ముందు చిన్నవి, వెనక క్రోటన్లు, పైన మనీప్లాంటు తీగ వచ్చేట్టు. రత్నకుమారి మధ్యలో నిలబడి, బిగుసుకుపోయింది. హలీమా ఒక మరువం రెబ్బ తుంచి ఆమె చేతికిచ్చింది. ఆమె దాన్ని వాసన చూసి తల వంచి నవ్వింది. ఫోటో అప్పుడు పడింది.

ఆ ఫోటో వెళ్ళిన చోట సంబంధం కుదిరిందో లేదోగానీ, కాలేషా దాన్ని పెద్దది చేసి గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. పంతులమ్మ నిలబడిన తోటలో మాకూ తియ్యమని. పెళ్ళైన కొత్తజంటలు, పుట్టినరోజు పిల్లలు, పట్టుచీరలు కట్టిన ఆడవాళ్ళు. కరెంటు పోయినా ఇప్పుడు పని ఆగేది కాదు. గుంటూరు ఆర్టిస్టు దసరాకు కబురు చేస్తే, ఇప్పట్లో వద్దులెమ్మని కాలేషానే జాబు రాశాడు.

ఒకసారి కారంపూడి దగ్గర్నుంచి మస్తాన్‌రావు అనే రైతు వచ్చాడు. ఇక్కడి తోటలో తీసిన తన మనవరాలి ఫోటో చూశాడట. స్టూడియో దాటుకుని నడిమింట్లోకి, అక్కడినుంచి వంటింట్లోకి తొంగి చూసి, "తోట యాడుందమ్మా? వెనకా?" అని అడిగాడు.

"ఇదేనయ్యా," అంది హలీమా, డబ్బాల వరస చూపించి.

ఆయన తలపాగా వెనక్కి నెట్టుకుని, డబ్బాలను చూసి, పైన అద్దాలను చూసి, "నా రెండెకరాల్లో ఇంత పచ్చదనం లేదే!" అన్నాడు. వెళ్ళేటప్పుడు క్రోటను కొమ్మ అడిగి తీసుకెళ్ళాడు. ఆమె కొమ్మలు అడగనివాళ్ళు ఆ బజార్లో లేరు. చీకటిళ్ళవాళ్ళే ఎక్కువ అడిగేవాళ్ళు. మొక్క ఇచ్చేముందు హలీమా ఇంటికెళ్ళి చూసి, ఇదిగో ఇక్కడ పెట్టండి, ఈ గోడకు సున్నం కొట్టండి, ఇక్కడ వద్దు, ఇక్కడ పెడితే పస్తే అని చెప్పి వచ్చేది. ధనమ్మ ఇంటి కప్పుకు కూడా ఒక పెంకు తీయించి గాజు పెంకు వేయించింది. దాని కింద ధనమ్మ కరివేపాకు పెట్టింది, మేకకు అందకుండా.

కాలం మారుతూనే ఉంది. కలర్ ఫోటోలొచ్చాయి. కాలేషా ఫిల్ములు గుంటూరు ల్యాబుకు పంపడం మొదలుపెట్టాడు. నెగిటివులకు పెన్సిలు పెట్టే పని హలీమాకు తగ్గింది, చీకటి గది సగం రోజులు ఖాళీగానే ఉండేది. దాని చెక్కలు ఊడదీస్తే నడిమింట్లోకి ఇంకా వెలుతురొస్తుందని ఆమె అంటే, ఈసారి కాలేషానే ఉలి పట్టుకుని దిగాడు. ఆ చోట బీబీ మంచం పడింది. బీబీ పొద్దంతా అద్దాల కింద కూర్చుని, సాయంత్రానికి మంచం చేరేది. ఫోటోలకు వచ్చినవాళ్ళకు ఎట్లా నిలబడాలో ఆవిడే చెప్పేది, ఎవరూ అడక్కపోయినా.

ఎనభై ఎనిమిది వేసవి పల్నాడులో చాలా గట్టిగా కాసింది. నాపరాళ్ళు పెనాల్లా కాలేవి. నేరుగా ఎండ పడని ఉత్తరపు అద్దాలైనా మధ్యాహ్నానికి సెగ దిగి, క్రోటనాకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. మరువం వడిలింది. హలీమా ఎత్తుపీట మీద ఎక్కి, కాలేషా పాత తెల్లపంచెను తడిపి అద్దాల కింద అడ్డంగా కడుతోంది. పీట కదలకుండా కాలేషా పట్టుకున్నాడు.

"ఏందే ఇది?" అంది బీబీ కింద నుంచి. "వెలుతురు లేదని కప్పు పీకించావు. ఇప్పుడు వెలుతురుకు ముసుగేస్తన్నావా?"

"చానా ఎక్కువైందత్తా. మాడిపోతన్నయ్యి."

"ఎక్కువైందంట!" బీబీ పడీ పడీ నవ్వింది. పొడుం గొంతులోకి పోయి దగ్గొచ్చినా నవ్వు ఆగలేదు. కాలేషా కూడా నవ్వడంతో పీట ఊగింది. "గట్టిగా పట్టుకో!" అని హలీమా పైనుంచి అరిచి, తనూ నవ్వాపుకుంటూ పంచె చివర మేకుకు ముడేసింది. తడిగుడ్డ కింద గది చల్లబడింది. ఆమె పీట దిగి, కొంగుతో చెమట తుడుచుకుని, మరువం డబ్బా కొంచెం గోడ వైపుకు జరిపి, చెంబులో నీళ్ళు తీసుకుంది.